పంతొమ్మిదో స్థాయి కంచర గాడిద

ఆ రోజు ఉదయం రచయిత్రి వేసుకున్న పథకం చిన్నది. ఆఖరి అధ్యాయం ఒకసారి చదువుకోవడం, అచ్చుతప్పులు దిద్దడం, మధ్యాహ్నం భోజనానికి వచ్చే ప్రచురణకర్త చేతిలో పెట్టడం, ఆ తర్వాత పడుకోవడం. ఐదు సంపుటాలుగా సాగిన మాంత్రిక నవల ఆ అధ్యాయంతో ముగుస్తుంది. చాలాకాలంగా ఆమె మనసులో మరో పుస్తకం తిరుగుతోంది. అందులో మంత్రాలు లేవు, కత్తులు లేవు. ఒక టైలరు షాపు, దాన్ని నడిపే ముగ్గురు అక్కచెల్లెళ్ళు ఉన్నారు, అంతే. ఆ ముగ్గురి దగ్గరికి వెళ్ళాలంటే ముందు మాంత్రికుడు చావాలి.

మాంత్రికుడు ముందురోజే చచ్చాడు. కొండ మీద వీరుడు అతని గుండెలో కత్తి దించాడు. రచయిత్రి కింద 'సమాప్తం' అని కూడా టైపు చేసింది.

ఆమె భర్త లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. ఏ లిఫ్టు ఎంతమందిని మోస్తుందో పరీక్షించి, లోపల రేకు మీద ఆ అంకె వేయించడం అతని ఉద్యోగం. స్నేహితులు అతన్ని కొలబద్ద అంటారు. సెలవు రోజుల్లో అతనూ బావమరిదీ కలిసి బల్ల దగ్గర కూర్చుని ఆడే ఆట ఒకటుంది. ఆటగాళ్ళు తలో పాత్ర తీసుకుంటారు. ఒకడు యోధుడు, ఒకడు దొంగ, ఒకడు మంత్రగాడు. ప్రతి పాత్రకూ కండబలం, తెలివి, ప్రాణబలం అంకెల్లో ఉంటాయి. ఆ అంకెల్ని బట్టి పాత్ర ఏ స్థాయిదో తేలుతుంది. ఇరవై ముఖాల పాచిక వేసి, పడిన అంకెకు పాత్ర బలం కలిపి, ఎవరు ఎవర్ని కొట్టారో చూస్తారు. నిబంధనల పుస్తకం ఇటుకంత ఉంటుంది. కొలబద్ద దానికి రెండుసార్లు అట్ట వేయించాడు.

భార్య నవలలోని పాత్రలను ఈ నిబంధనలతో కొలిచి, ఆఖరి సంపుటం అచ్చుకు వెళ్ళే రోజున ఆమెకు కానుకగా ఇవ్వాలని అతను అనుకున్నాడు. పూలగుత్తి ఇవ్వచ్చని అతనికి ఎవరూ చెప్పలేదు.

"నాలుగు," అన్నాడు కాఫీ కప్పు పక్కన పెట్టి.

"ఏంటి నాలుగు?" అంది రచయిత్రి, తల ఎత్తకుండానే.

"నీ వీరుడు. నాలుగో స్థాయి."

"ఎంతకి?"

"ఇరవైకి."

రచయిత్రి తల ఎత్తింది. "మరి మాంత్రికుడు?"

"పద్నాలుగు. అదీ కాస్త చూసీ చూడనట్టు వేశాను, ఇంట్లోవాడు కదా అని."

"నా వీరుడు ఐదు సంపుటాలుగా యుద్ధాలు చేస్తున్నాడండీ!"

"చేస్తున్నాడు. గెలిచిందెక్కడ? మొదటి సంపుటంలో పడవెక్కి పారిపోయాడు. రెండో దాంట్లో జ్వరం. మూడో దాంట్లో కొట్టినవాడికి అప్పటికే ఒక చెయ్యి లేదు. నాలుగో దాంట్లో నిద్రపోతున్నవాణ్ణి కొట్టాడు."

అత్తగారు ముందుగదిలోంచి కేకేసింది. "ఎవర్రా ఆ మొనగాడు?"

"కథలోవాడమ్మా."

"హమ్మయ్య. మనవాళ్ళెవరో అనుకున్నా."

"కథలో ధైర్యం అనేది ఒకటుంటుంది," అంది రచయిత్రి.

"ధైర్యానికి రెండు కలిపాను. కలిపితేనే నాలుగొచ్చింది." కొలబద్ద నిబంధనల పుస్తకం మీద చెయ్యి పెట్టాడు. "నలుగురెక్కే లిఫ్టులో పద్నాలుగు మందిని ఎక్కించావు. నేనైతే సంతకం పెట్టను."

సంతకం పెట్టమని అతన్ని ఎవరూ అడగలేదు. ఆ మాట అక్కడితో వదిలేసి ఉంటే సరిపోయేది. కానీ ఆఖరి అధ్యాయం మీద రచయిత్రికే లోలోపల అనుమానం ఉంది. ఆ కత్తి దిగడం ఆమెకు కూడా మరీ తేలిగ్గా అనిపించింది. "ఏదీ, వెయ్యండి మీ పాచిక," అంది.

అదే సమయానికి ఆమె తమ్ముడు వచ్చాడు. అతను పళ్ళ డాక్టరు. కింది వాటాలో కాపురం, పై వాటాలో కాఫీ. మాంత్రికుడి తరఫున అతను కూర్చున్నాడు, వీరుడి తరఫున కొలబద్ద కూర్చున్నాడు. మొదటిసారి వీరుడు కొండ సగం ఎక్కేలోపే బూడిదయ్యాడు. రెండోసారి కొండ ఎక్కాక బూడిదయ్యాడు. మూడోసారి మాంత్రికుడు చెయ్యి కూడా ఎత్తలేదు. కొలబద్దకు పాచికలో ఒకటి పడింది. వీరుడి కత్తి జారి వీరుడి పాదం మీదే పడింది.

"అక్కా, వీడికి పళ్ళు కూడా నేను పీకను. కుర్చీలోనే పోతాడు," అన్నాడు తమ్ముడు.

"నోర్ముయ్. ఒక్కణ్ణే ఎందుకు పంపిస్తున్నారు? వెంట సాయం ఉండదా?"

"నువ్వే కదా అందర్నీ చంపుకుంటూ వచ్చావు. కొండ దగ్గర ఇంకెవరున్నారు?" అన్నాడు కొలబద్ద.

రచయిత్రి ఆలోచించింది. "ఎవరూ లేరు. కింద మోడుకి గాడిదని కట్టేశాను."

అది కంచర గాడిద. మొదటి సంపుటం నుంచి వీరుడి మూటలు మోస్తోంది. దానికి పేరు లేదు. దాన్ని కొలవాలని అంతవరకు కొలబద్దకు తోచలేదు. కొలిచేవాడు దేన్నీ వదలకూడదని ఇప్పుడు గుర్తొచ్చి, ఐదు సంపుటాలూ ముందేసుకుని, గాడిద కనిపించిన పేజీలు తిరగేశాడు. కాసేపటికి అతని వేలు ఒక పేజీ మీద ఆగింది.

"ఇది రెండో సంపుటంలో లోయలో పడింది," అన్నాడు.

రచయిత్రి చేతిలో కప్పు ఆగింది.

"అడుగు కనిపించని లోయ అని రాశావు. 'దాని అరుపు కూడా పైకి రాలేదు' అని రాశావు. మూడో సంపుటం మొదట్లో గుడారం మోస్తోంది."

జరిగింది ఇది. రెండో సంపుటం రాసేటప్పుడు రచయిత్రికి గాడిదతో విసుగొచ్చింది. ప్రతి ప్రయాణంలో దాన్ని ఎక్కడో ఒకచోట కట్టేసినట్టు రాయాల్సి వస్తోంది. అందుకని లోయలోకి తోసేసింది. మూడో సంపుటం మొదలుపెట్టేసరికి గుడారం మోయడానికి ఒక ప్రాణి కావాల్సి వచ్చింది. తోసేసిన సంగతి మర్చిపోయింది. ప్రచురణకర్త గమనించలేదు. పాఠకులూ గమనించలేదు. గాడిద గురించి ఎవరు పట్టించుకుంటారు?

"లోయలో పడి బతికిందంటే ప్రాణబలం ఎంతుండాలి?" కొలబద్ద నిబంధనల పుస్తకంలో పట్టిక తీశాడు. "ఆగు, ఇంకోటుంది. నాలుగో సంపుటంలో మాంత్రికుడు శిబిరం మీద మంట కురిపించాడు. 'ప్రాణమున్నది ఏదీ మిగలలేదు.' తర్వాతి అధ్యాయం మొదటి వాక్యం: 'వీరుడు గాడిద మీద మూటలు సర్దాడు.'"

"మంటని తట్టుకుంది," అన్నాడు తమ్ముడు గొంతు తగ్గించి.

"తట్టుకోవడం కాదురా. మూటలు కూడా కాలలేదు. దాని మీద మంత్రం పనిచెయ్యదు. దాని వీపు మీదున్న వస్తువు మీద కూడా పనిచెయ్యదు."

అతను కూడాడు. కూడింది మళ్ళీ కూడాడు. "పంతొమ్మిది," అన్నాడు.

"ఇరవై ఎందుకు కాదు బావా?"

"మాట్లాడదు కదా. దానికి ఒకటి తగ్గించాను."

"మాట్లాడనందుకు ఇంకా కలపాలి," అంది అత్తగారు ముందుగదిలోంచి.

'మర్చిపోయాను' అని రచయిత్రి అని ఉంటే వ్యవహారం అక్కడే ఆగేది. ఆమె అనబోయింది కూడా. కానీ కొలబద్ద ఆమె వైపు చూశాడు. పెళ్ళయిన నాటి నుంచి ఆమె రాసింది చదివి "బాగుంది" అనడమే తప్ప అతను ఇంకో మాట అని ఎరగడు. ఇప్పుడు కళ్ళజోడు తీసి మరీ చూస్తున్నాడు.

"ఇదంతా మొదట్నుంచీ అనుకునే రాశావా?"

"మరేమనుకున్నారు?" అంది రచయిత్రి.

తమ్ముడు అప్పటికే ఫోన్ తీశాడు. ఆ నవల పాఠకులకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో అతను రచయిత్రి తమ్ముడి హోదాలో పెద్దమనిషి. గాడిద పంతొమ్మిదో స్థాయి అనీ, లోయ, మంట రెండూ దాని రహస్యానికి ఆధారాలనీ, అక్క స్వయంగా ఒప్పుకుందనీ గ్రూపులో పెట్టేశాడు. ఆమె చూసేసరికి జనం కింద జవాబులు రాయడం మొదలుపెట్టారు.

పాఠకులు ఐదు సంపుటాలూ మళ్ళీ తెరిచారు. మూడో సంపుటంలో వీరుడు కాలు పెట్టగానే కూలిన వంతెన మీద గాడిద అంతకుముందే మూటలతో సహా దాటి వెళ్ళిందని ఒకరు పట్టుకున్నారు. మొత్తం నవలలో గాడిద ఒక్కసారి కూడా మేత మెయ్యలేదని ఒక స్కూలు టీచరు రాసింది. మెయ్యడం గురించి రాయాలని రచయిత్రికి ఎప్పుడూ తట్టలేదు. మేత లేకుండా బతికేది గాడిద కాదని, అది మాంత్రికుడి అన్నగారని ఒకాయన తేల్చాడు. ఇన్నాళ్ళూ గాడిదని గుర్తించనందుకు ఇంకొకాయన బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నాడు, గాడిదకి.

ఫోన్ మోగింది. ప్రచురణకర్త.

"అమ్మా, నాక్కూడా ఒక్క ముక్క చెప్పలేదేం తల్లీ?"

"ఆఖర్న చెబ్దామనుకున్నానండీ."

"అంటే ఆఖరి అధ్యాయంలో గాడిద సంగతి విప్పేశావన్నమాట."

"విప్పా... నండీ."

"శభాష్. బొమ్మలాయన అట్ట మారుస్తున్నాడు. వీరుణ్ణి తీసేశాడు. గాడిదని వేస్తున్నాడు. నేను బయల్దేరుతున్నా."

"భోజనానికి కదండీ?"

"ఇలాంటి పుస్తకం పెట్టుకుని భోజనం దాకా ఆగుతానా?"

ఆఖరి అధ్యాయంలో గాడిద గురించి ఉన్నది ఒకే వాక్యం: వీరుడు దాన్ని మోడుకు కట్టాడు. ప్రెస్సు వాళ్ళు మర్నాడు ఒక్కరోజే మెషిన్ ఖాళీగా ఉంచారు. ఆ తర్వాత స్కూలు పుస్తకాల అచ్చు మొదలవుతుంది. ఈ రోజు అధ్యాయం చేతికి ఇవ్వకపోతే మాంత్రికుడు మళ్ళీ ఆమె ఇంట్లోనే ఉంటాడు. టైలరు షాపు మూసే ఉంటుంది.

రచయిత్రి కంప్యూటరు ముందు కూర్చుంది. 'గాడిద వెనకకాలు ఎత్తింది' అని టైపు చేసింది. ఐదు సంపుటాల్లో చచ్చిన మనుషులందరూ ఆ తన్ను కోసమే చచ్చారా అనిపించింది. కొట్టేసింది. వీరుణ్ణి కాపాడబోయి గాడిద ప్రాణం వదిలినట్టు రాసింది. వెనక నిలబడి కొలబద్ద చదివాడు.

"చావదు," అన్నాడు.

"రాసేది నేనండీ."

"రాయి. చావదు. దాన్ని చంపేవాడు నీ పుస్తకంలో లేడు. లోయ వల్ల కాలేదు, మంట వల్ల కాలేదు."

"గుండెపోటొస్తుంది."

"లోయలో పడ్డప్పుడు రానిది మోడుకి కట్టేస్తే వస్తుందా?"

"మీరు కాసేపు బయటికెళ్తారా? ఎక్కడైనా లిఫ్టు ఆగిపోయుంటుంది, చూసి రండి."

"అక్కా, గాడిద మీద చెయ్యి పడితే పాత సంపుటాలు కూడా వాపసు ఇచ్చేస్తామంటున్నారు," అని తమ్ముడు ఫోన్ చూస్తూ అరిచాడు.

అత్తగారు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "వసుదేవుడంతటివాడే గాడిద కాళ్ళు పట్టుకున్నాడమ్మాయ్. నువ్వెంత? పట్టుకో."

బెల్లు మోగింది.

ప్రచురణకర్త చెప్పులు విడిచి, చెమట తుడుచుకుని, కొత్త అట్ట ఫోన్‌లో చూపించాడు. కొండ, మబ్బు, గాడిద. గాడిద చూపు నేరుగా చూసేవాళ్ళ మీదే ఉంది. "ఇవ్వమ్మా," అని చెయ్యి చాపాడు.

"ఒక పరీక్ష మిగిలిపోయిందండీ," అంది రచయిత్రి. ఏం పరీక్షో ఆమెకే తెలియదు. కళ్ళ ముందు బల్ల, పాచిక కనిపించాయి. "ఆఖరి ఘట్టాన్ని వీళ్ళ నిబంధనల ప్రకారం ఒకసారి ఆడి చూసి మరీ ఇస్తాను."

"అబ్బ! ఎంత జాగ్రత్త!" అని ప్రచురణకర్త కుర్చీ లాక్కున్నాడు.

తమ్ముడు వీరుడయ్యాడు. కొలబద్ద గాడిదని తీసుకున్నాడు, ఇంకెవరికీ ఇవ్వనన్నాడు. మిగిలింది మాంత్రికుడు. రచయిత్రి ఆ కుర్చీలో కూర్చుంది.

"ఇందులో ఏది తేలితే అదే రాస్తావా?" అన్నాడు కొలబద్ద.

"అదే రాస్తాను."

ప్రచురణకర్త ముందు ఆ మాట అనేసింది కాబట్టి ఇంక వెనక్కి తీసుకోవడానికి లేదు. ఆమె కొండ మీద నుంచి కిందికి చూసింది. అన్నేళ్ళుగా మాంత్రికుడి చేత కొండల మీద నవ్వించడమే తప్ప, అతని పక్కన ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. కింద కత్తితో ఒకడు, వాడి వెనక గాడిద. కొండ మీది ఈ కోటలో ఉన్నన్నాళ్ళూ ఎవడో ఒకడు కత్తి పట్టుకుని వస్తూనే ఉంటాడు. వీళ్ళందర్నీ వదిలేసి పోవాలని అతనికి మాత్రం ఉండదా? ఆమెకి లేదూ?

"గాడిద ఎవరిది?" అని అడిగింది.

"వీరుడిది," అన్నాడు కొలబద్ద.

"ఎక్కడుంది అలాగని?"

కొలబద్ద మొదటి సంపుటం తెరిచాడు. వెతికాడు. "'దారిలో కనిపించిన గాడిద మీద మూటలు వేశాడు,'" అని చదివాడు. గొంతు కాస్త తగ్గింది.

"ఎవరు మూటలేస్తే వాళ్ళతో నడిచింది. ఐదు సంపుటాల్లో ఎవర్నైనా తన్నిందా?"

"లేదు."

"వీరుడి కోసం ఎక్కడైనా అడ్డం నిలబడిందా?"

"లేదు."

"మరి దానికి తెలిసిన పని?"

"మొయ్యడం," అన్నాడు కొలబద్ద. పుస్తకంలో ఉన్నదే చెప్పాలి. ఇంకోటి చెప్పడం అతని వల్ల కాదు.

"మొదటి వంతు ఎవరిది?"

"తెలివి ఎక్కువున్నవాళ్ళది. నీదే."

"అయితే వినండి. నేను నా పెట్టెలు మూడూ పట్టుకుని మంత్రంతో కిందికి దిగాను. గాడిద పక్కనే దిగాను. పెట్టెలు దాని మీద వేసి కట్టాను. మోడుకున్న తాడు విప్పాను. రాజ్యం వదిలేసి పోతున్నాను."



"ఆగాగు, నేను నరికేస్తా!" అని తమ్ముడు పాచిక అందుకున్నాడు.

"ఎవర్ని? మాంత్రికుడు గాడిద అవతల పక్క ఉన్నాడు," అన్నాడు కొలబద్ద. "ముందు గాడిదని దాటి రావాలి. నువ్వు నాలుగు, అది పంతొమ్మిది."

"బావా, నువ్వెవరి పక్షం?"

"గాడిద పక్షం."

తమ్ముడు పాచిక వేశాడు. మూడు పడింది. వీరుడు కదల్లేదు. మాంత్రికుడు, గాడిద, మూడు పెట్టెలు మలుపు తిరిగి వెళ్ళిపోయారు. కోట తలుపులు తెరిచే ఉన్నాయి. లోపలున్న ఖైదీలు బయటికి నడిచారు. యుద్ధం అయిపోయింది. ఎవరూ చావలేదు. కొలబద్ద నిబంధనల పుస్తకం మొదట్నుంచి చివరిదాకా తిరగేసి, మూసి, కళ్ళజోడు జేబులో పెట్టుకున్నాడు.

"కుదిరింది," అన్నాడు. లిఫ్టు పాసైనప్పుడు అనే మాట అది.

అత్తగారు వంట ముగించేలోపు రచయిత్రి అధ్యాయం రాసేసింది. గాడిద ఎవరో, లోయలోంచి ఎలా వచ్చిందో అందులో లేదు. మాంత్రికుడు దాన్ని అడుగుతాడు, అది చెప్పదు. ప్రచురణకర్త నిలబడే చదివాడు. మధ్యలో ఒకసారి కళ్ళు తుడుచుకున్నాడు. "ఐదు సంపుటాల్లోనూ ఇదే గొప్పగా ఉందమ్మా," అన్నాడు. ప్రెస్సుకి ఫోన్ చేసి మెషిన్ సిద్ధం చెయ్యమన్నాడు. భోజనాలయ్యాయి. రచయిత్రి రెండుసార్లు వడ్డించుకుంది. ఇంకో గంటలో టైలరు షాపు తలుపు తీయచ్చు.

ప్రచురణకర్త గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ ఆగాడు.

"ఇంతకీ వాడు ఎటు పోయాడమ్మా?"

"ఎవరండీ?"

"మాంత్రికుడు."

"నాకేం తెలుసండీ. పోయాడు. పీడా పోయింది."

"దక్షిణానికి పోయుంటాడు. ఎడారి దాటితే ఏదైనా కొత్త రాజ్యం..."

"దక్షిణానికి ఎలా పోతాడండీ?" అంది రచయిత్రి. "గాడిదకి ఇసక పడదు."

ప్రచురణకర్త ఒక చెప్పుతో నిలబడిపోయాడు. "అలాగని ఎక్కడ రాశావు?"

"ఎక్కడా రాయలేదు. నాకు తెలుసు. కాలు పెట్టదంతే. ఉత్తరానికే పోవాలి. కనుమలో మంచు కరిగేదాకా కింద ఊళ్ళో ఆగాలి. అక్కడ వీడి చెల్లెలు ఉంది. ఇద్దరికీ మాటల్లేవు. గాడిదని చూసి తలుపు తీస్తుంది గానీ వీణ్ణి చూసి..."

ఆమె నోరు మూసుకుంది. అప్పటికే ఆలస్యమైంది. కొలబద్ద ఏ పుస్తకమూ తెరవకుండా ఆమె వైపే చూస్తున్నాడు. తమ్ముడి వేళ్ళు ఫోన్ మీద ఆడుతున్నాయి. ప్రచురణకర్త వేసుకున్న చెప్పు విడిచి, మళ్ళీ లోపలికి వచ్చాడు.

"చూసి?" అన్నాడు కూర్చుంటూ.

"చూసి తలుపేసేస్తుందండీ," అంది రచయిత్రి నీరసంగా, అతని ఎదురు కుర్చీ లాక్కుంటూ.

ఆరో సంపుటం అట్ట మీద గాడిద ఈ చివర నుంచి ఆ చివరకు వచ్చింది. మాంత్రికుడికి చోటు సరిపోక అతని పెట్టెలు మాత్రం వేశారు.